అరవై లెక్కపెట్టే లోపు

మార్చి పదకొండో తేదీ, మంగళవారం. ఆ పొద్దున బావా బామ్మర్దులిద్దరూ కలిసి తిన్నది నాలుగు ఉడకబెట్టిన గుడ్లు, రెండు రొట్టె ముక్కలు, కాగితం పొట్లంలో చిటికెడు మిరియాల పొడి.

"గుడ్లు ఎవరు కట్టారు?" అని అడిగాడు మాస్టారు.

"అక్క," అన్నాడు బామ్మర్ది. పోలీస్ స్టేషన్ వెనక గదిలో బల్లకి అవతల కూర్చున్నాడతను. నలభై ఏళ్ళ మనిషి రెండు రోజుల్లో అరవై ఏళ్ళవాడిలా అయిపోయాడు. చొక్కా జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. గుండ్రటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు. 'బావకి రెండు, నీకు రెండు. కొట్టుకోకండి.'

మాస్టారు దాన్ని చదివి, అదే మడతల్లో మడిచి తిరిగి ఇచ్చేశాడు. కాలేజీ ఫిజిక్స్ లాబులో ఇరవై రెండేళ్ళు పిల్లల చేత ప్రయోగాలు చేయించి, ఆ తర్వాత ఇలాంటి కేసుల పరిశోధనలోకి దిగిన మనిషి. ఎవరి వస్తువైనా తీసిన చోటే పెట్టడం లాబు నేర్పిన అలవాటు. కాగితం మిల్లు పనివాళ్ళు నలుగురొచ్చి బతిమాలితే ఈ కేసు ఒప్పుకున్నాడు.

కేసు చూడటానికి చిన్నదే. మిల్లులో మురుగునీళ్ళ గుంట శుభ్రం చేయడానికి మేస్త్రీ దిగాడు, విషవాయువుకి చనిపోయాడు. గట్టు మీద కాపలా ఉన్నది అతని భార్య తమ్ముడు. గాలి పరీక్ష చేయకుండానే బావని దింపేశాడని నేరం మోపారు. రేపు పది గంటలకు కోర్టు. సొంత అక్క ఈ రెండు రోజుల్లో స్టేషన్ వైపు తొంగి చూడలేదు.

"మొదటినుంచి చెప్పు. తొందరేం లేదు."

"పదిన్నరకి మూత తీశాం. బావ ఫారం నింపాడు. తర్వాత చిలకని తాడుకి కట్టి దించాం."

చిలక అంటే గాలిని పసిగట్టే చేతి పరికరం. అరచేతిలో ఇమిడిపోతుంది, విషవాయువు తగిలితే కీచుమని అరుస్తుంది. గుంటలోకి దిగే ముందు దాన్ని తాడుతో అడుగుదాకా దించాలి. గట్టిగా అరవై లెక్కపెట్టాలి. అరవకపోతే పైకి లాగి, ఛాతీకి తగిలించుకుని దిగాలి. పదేళ్ళ కిందట మేస్త్రీ పెట్టిన పద్ధతి అది. ఆ అరవైలో ఒక్కటి తగ్గినా ఊరుకునేవాడు కాదట.

"లెక్క ఎవరు పెట్టారు?"

"నేనే. అరవై పెట్టాను. చిలక అరవలేదు. బావ తగిలించుకుని దిగాడు. అడుగున ఇంకా మూడు మెట్లున్నాయనగా చేతులు వదిలేశాడు. పడ్డాక అరిచింది మాస్టారూ. పడ్డాక! నేను దిగబోతే, నా కేకలకి పరిగెత్తుకొచ్చినవాళ్ళు పట్టుకుని వెనక్కి లాగేశారు."

"అరవై ఏకబిగిన పెట్టావా?"

బామ్మర్ది తల దించుకున్నాడు. బల్ల అంచుని గోటితో గీకసాగాడు. మాస్టారు కూజాలోంచి గ్లాసులో నీళ్ళు వంచి అతని ముందుకు జరిపి, గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. చూసే కళ్ళు లేకపోతే కొన్ని మాటలు తేలిగ్గా వస్తాయని ఆయనకి తెలుసు.

"ముప్పై దగ్గర ఆగాను," అన్నాడు బామ్మర్ది చివరికి. "వాసనొచ్చింది. కుళ్ళిన గుడ్ల వాసన. చిలకేమో పచ్చ లైటుతో నిమ్మళంగా ఉంది. నేను... 'బావా, ఇది గుంట కంపా, నీ పొట్ట కంపా?' అన్నాను. బావ పగలబడి నవ్వాడు. 'మీ అక్క గుడ్లకి వంక పెడతావురా, సాయంత్రం చెప్తానుండు' అన్నాడు. మళ్ళీ ముప్పై ఒకటి నుంచి అందుకున్నాను. ఆ నవ్వు మొహంతోనే దిగాడు."

"ఇది పోలీసులకెందుకు చెప్పలేదు?"

"రాసుకుంటారు కదా. రాసింది కోర్టులో చదువుతారు కదా. అక్క వింటుంది."

మాస్టారు లేచాడు. మనిషి అబద్ధం చెబితే తనని కాపాడుకునేలా చెబుతాడు. ఇతను దాచుకున్నది మాత్రం తప్పు చిలకదని చూపి తనని కాపాడే మాటే. వాసన వచ్చిందంటే గుంటలో వాయువు అప్పటికే ఉంది. ఉండి కూడా చిలక ఎందుకు అరవలేదు?

*

గుంట దగ్గరికి వెళ్ళేసరికి మధ్యాహ్నం రెండయింది. మాస్టారు కంటే ముందే అక్కడ మరొకాయన కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. మిల్లు తరఫున బీమా కంపెనీ పంపిన పరిశోధకుడు. ఏ కేసునైనా తనవాళ్ళకి నప్పేలా కత్తిరించి ఇస్తాడని అందరూ ఆయన్ని కత్తెర అంటారు. ఆ పేరంటే ఆయనకి కోపం లేదు సరికదా, కాస్త గర్వం కూడా.

"రండి మాస్టారూ! ఈసారి ఏ ప్రయోగం? టెస్టు ట్యూబులు తెచ్చుకున్నారా?"

"తాడు చూద్దామని వచ్చానండీ."

తాడు కొక్కేనికి వేలాడుతోంది. మాస్టారు కొస నుంచి జానలతో కొలుచుకుంటూ వచ్చాడు. పదకొండు అడుగుల దాకా గుంట గోడలకి రాసుకున్న బూడిదరంగు బురద ఎండి పెళుసుబారి ఉంది. గుంట లోతు పదకొండున్నర.

"దించారు," అన్నాడు.

"ఎప్పుడు దించారు? పోయిన నెలలోనా? తాడుకి తేదీ ఉంటుందా?" కత్తెర ఫైలులోంచి ఒక కాగితం తీసి గాలిలో ఆడించాడు. "తేదీ, టైము ఉన్నది ఇదీ. చచ్చినాయన చిలక నీళ్ళలో పడి పాడైపోయింది. కానీ అది నిమిష నిమిషానికీ ఆఫీసు కంప్యూటరుకి పంపిన అంకెలు ఇవిగో. దిగక ముందు గుంటలోకి దించి ఉంటే అప్పుడే అంకె ఎగరాలి కదా? ఎగరలేదు. పదీ నలభై నాలుగుకి ఒక్కసారే ఎగిరింది. అంటే గుంట గాలి దానికి తగిలింది అప్పుడే. మీవాడు పరీక్ష చేయలేదు. బద్ధకించాడు. బావ ప్రాణం తీశాడు."

మాస్టారు ఆ కాగితం మీద వేలు పెట్టి అంకెలు చదివాడు. పదీ ముప్పై ఎనిమిది నుంచి వరసగా రెండు, రెండు, సున్నా, ఒకటి, ఒకటి, సున్నా. ఆ తర్వాత ఐదు వందలు. ఆ పరికరం చూపగలిగే ఆఖరి అంకె అది.

"గట్టు మీద గాలి వీస్తూనే ఉంటుంది కదండీ," అన్నాడు మెల్లగా. "అంకె నిమిషానికోసారి మారాలి. ఇక్కడ మధ్య మధ్య ఒకే అంకె రెండేసిసార్లు వస్తోందేం?"

"గాలిని అడగండి."

"ఈ ఫారం కూడా చూడొచ్చా?"

దిగే ముందు మేస్త్రీ నింపిన ఫారం అది. పది ప్రశ్నలు, ప్రతిదానికీ టిక్కు. కింద పొందికైన సంతకం. ఆరో ప్రశ్న దగ్గర మాస్టారు చూపు ఆగిపోయింది. 'గుంటలో విద్యుత్ తీగలు తెగి ఉన్నాయా?' దానికి ఎదురుగా 'అవును' అని టిక్కు.

"తెగిన తీగలున్నాయా లోపల?"

కత్తెర నవ్వాడు. "ఒక్క తీగా లేదు. రెండు నెలల కిందట ఈ ఫారం మళ్ళీ అచ్చేయించారు, చూడటానికి పాతదానిలాగే ఉంటుంది కానీ ప్రశ్నలు కొన్ని అటూ ఇటూ అయ్యాయి. మేస్త్రీకి తొందరెక్కువ, పాత అలవాటు కొద్దీ గీకేసి ఉంటాడు. అది కూడా నా రిపోర్టుకే బలం. బావ చూడకుండా టిక్కు పెట్టాడు, బామ్మర్ది చూడకుండా దింపాడు. భలే జత."

మాస్టారు ఫారాన్ని తిరిగి ఫైలులో పెట్టాడు. అరవైలో ఒక్కటి తగ్గితే ఊరుకోని మనిషి, రెండు నెలలుగా ఆరో ప్రశ్న చదవకుండా టిక్కు పెట్టాడా? ఆ సంగతి మనసులో ఒక మూల పెట్టుకున్నాడు.

*

చిలకల బాగోగులు చూసేది పరికరాల గది. అక్కడి ఇంజనీరు ఒక్కతే ఉంది. ముప్పై దాటిన మనిషి, కళ్ళ కింద నల్లటి చారలు. గోడకి అరవై చిలకలు వరసగా ఛార్జింగుకి తగిలించి ఉన్నాయి.

"ఏమీ చెప్పొద్దని నాకు పైనుంచి ఆర్డరు సార్," అంది ఆయన నోరు తెరవక ముందే.

"ఈ కేసు గురించి అడగనులేమ్మా. చిలక ఎలా పనిచేస్తుందో చెప్పు. పాఠం చెప్పొద్దని ఆర్డరు లేదుగా?"

ఆమె మొహంలో ఏదో సడలింది. "లోపల చిన్న పంపు ఉంటుంది సార్. అది గాలి పీలుస్తుంది, సెన్సర్ ఆ గాలిని పరీక్షిస్తుంది. రెండూ బ్యాటరీని తింటాయి. ఐదు సెకన్లకోసారి పీలిస్తే వెంటనే పసిగడుతుంది. కానీ ఏడు గంటలకే బ్యాటరీ అయిపోతుంది. నిదానంగా పీలిస్తే రెండు షిఫ్టులు ఆగుతుంది. కానీ ఆ మధ్యలో..."

"మధ్యలో దానికి ఊపిరి ఉండదు."

"ఊపిరి ఉండదు. పాత అంకెనే మళ్ళీ పంపుతూ ఉంటుంది. పచ్చ లైటు మాత్రం వెలుగుతూనే ఉంటుంది." ఆమె గొంతు తగ్గించింది. "త్వరగా పసిగట్టాలి, ఎక్కువసేపు ఆగాలి. రెండూ కావాలంటే రెండో సెట్టు కొనాలి. మూడుసార్లు రాశాను. కొనలేదు."

"ఇప్పుడివి ఎన్ని సెకన్లకోసారి పీలుస్తున్నాయి?"

ఆమె గోడ మీంచి ఒక చిలకని తీసి, ఆన్ చేసి ఆయన ముందు బల్ల మీద పెట్టింది. "చేతులు కడుక్కుని వస్తాను సార్. జిడ్డు. పది నిమిషాలు పడుతుంది." వెళుతూ వెళుతూ గదిలో ఫ్యాను ఆపేసింది.

ఫ్యాను ఎందుకు ఆపిందో మాస్టారుకి అప్పుడే అర్థమైంది. ఆ దయకి మనసులోనే దణ్ణం పెట్టుకుని, చిలకని చెవికి ఆనించుకుని, చేతి గడియారం కేసి చూస్తూ కూర్చున్నాడు.

జుయ్‌మంది. దోమ రెక్కంత చప్పుడు. ఆ తర్వాత నిశ్శబ్దం. ముల్లు ముప్పై దాటింది. అరవై దాటింది. మాస్టారు తనకి తెలియకుండానే తనే ఊపిరి బిగబట్టి, ఇక ఆగలేక వదిలేశాడు. తొంభైకి మళ్ళీ జుయ్‌మంది. నాలుగుసార్లు చూశాడు. నాలుగుసార్లూ తొంభయ్యే.

జేబులోంచి కాగితం తీసి రాసుకున్నాడు. చిలక అరిచింది 10.44కి. అంతకు ముందు ఊపిరి 10.42.30కి, గట్టు మీద, మంచి గాలిలో. రెంటికీ మధ్య తొంభై సెకన్లు. తాడు దించడం, గడియారం కంటే వేగంగా నడిచే అరవై లెక్క, ఒక వేళాకోళం, ఒక నవ్వు, తాడు పైకి లాగడం, నిచ్చెన మెట్లు, అన్నీ ఆ తొంభైలో ఇమిడిపోయాయి. బామ్మర్ది చెప్పింది అక్షరాలా నిజం. చిలకని దించారు. అది లోపల ఉన్నంతసేపూ ఒక్కసారి కూడా గాలి పీల్చలేదు.

ఇంజనీరు తిరిగొచ్చింది. చేతులు పొడిగానే ఉన్నాయి.

"తొంభై," అన్నాడు మాస్టారు. "ఎవరు మార్చమన్నారు?"

"మేస్త్రీయే అర్జీ పెట్టాడు సార్. జనవరిలో రెండో షిఫ్టులో ఒకతను గుంటలో ఉండగానే చిలక బ్యాటరీ అయిపోయింది. కళ్ళు తిరిగి పడబోతుంటే మేస్త్రీయే భుజాన వేసుకుని పైకి తెచ్చాడు. ఆ మర్నాడే అర్జీ. చక్కటి గుండ్రటి అక్షరాలు. రెండు షిఫ్టులు ఆగేలా చేయమని. నేను మార్చాను. జవాబు కూడా రాశాను, కవరులో పెట్టి చేతికిచ్చాను. ఆ జవాబులో..." ఆమె తలుపు వైపు చూసింది. "అది చదివి కూడా అరవయ్యే లెక్కపెట్టాడంటే నాకు నమ్మకం కుదరడం లేదు సార్. ఫైలులో కాపీ నిన్నటి నుంచీ కనబడటం లేదు. ఇదంతా మీకు చెప్పానని తెలిస్తే రేపటి నుంచి నాకిక్కడ కుర్చీ ఉండదు."

"ఈ చిలకల్ని ఇలాగే ఉంచమ్మా. గంటలో పోలీసుల్ని తీసుకొచ్చి సీలు వేయిస్తాను."

గంట అనుకున్నది మూడు గంటలయింది. సంతకం పెట్టాల్సిన అధికారి దొరికి, కానిస్టేబులుతో మాస్టారు మిల్లుకి తిరిగొచ్చేసరికి సాయంత్రం ఆరు. పరికరాల గదిలో ఇంజనీరు లేదు. ఆమె కుర్చీలో కత్తెర కూర్చుని కాలు ఊపుతున్నాడు.

గోడ నిండా జుయ్, జుయ్, జుయ్ అని చప్పుడు. అరవై చిలకలూ ఐదేసి సెకన్లకి ఊపిరి పీల్చుకుంటున్నాయి.

"అన్నీ సరిచేయించాం మాస్టారూ," అన్నాడు కత్తెర. "రెండో సెట్టు కూడా ఆర్డరు పెట్టించాను. పనివాళ్ళ ప్రాణాలు ముఖ్యం కదా మనకి."

"ఇది సాక్ష్యం! సాక్ష్యాన్ని చెరిపేశారు!"

"ఏ సాక్ష్యం? తొంభై అని ఏ కాగితంలో ఉంది? ఎవరు చూశారు? మీ చెవా? రేపు కోర్టులో బోనెక్కించండి మీ చెవిని." అని, కాసేపాగి, గొంతు మార్చాడు. "ఇవాళ రాత్రి షిఫ్టులో ఇద్దరు దిగుతున్నారు. మార్చొద్దంటారా చెప్పండి. మీరు వద్దంటే ఇప్పుడే మళ్ళీ తొంభైకి పెట్టిస్తాను."

మాస్టారు గోడ వైపు చూశాడు. ఆ ఇద్దరూ ఎవరో తెలియదు. వాళ్ళకోసం ఇంట్లో ఎవరో ఎదురుచూస్తూ ఉంటారు. రేపు పొద్దున వాళ్ళు తిరిగొస్తారు. బామ్మర్ది జైలుకి వెళతాడు.

"వద్దు," అన్నాడు. "అలాగే ఉంచండి."

*

మేస్త్రీ ఇల్లు రెండు గదులది, మూడో అంతస్తులో. మాస్టారు మెట్లెక్కేసరికి ఎనిమిది కావస్తోంది. తలుపు తీసిన ఆవిడ ఆయన్ని లోపలికి రమ్మనలేదు, పొమ్మనీ అనలేదు.

"మావాడి తరఫున వచ్చారా?"

"నిజం తరఫున వచ్చానంటే పెద్ద మాట అవుతుందమ్మా. మీ తమ్ముడి తరఫునే వచ్చాను."

లోపల అలమరాలో డబ్బాలు వరసగా ఉన్నాయి. ఒక్కోదాని మీద కాగితం ముక్క అతికించి ఉంది. పంచదార. మిరియాలు. టీ పొడి. గుండ్రటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు. మాస్టారు వాటినే చూస్తూ గడప దగ్గర నిలబడిపోయాడు. అలవాటు కొద్దీ పెట్టిన టిక్కులు. ఆరో ప్రశ్న. పొందికైన సంతకం. మధ్యాహ్నం మనసులో ఒక మూల పెట్టుకున్నది నెమ్మదిగా కదిలి ముందుకొచ్చింది.

"ఆయనకి చదవడం రాదు కదమ్మా?"

ఆవిడ చప్పున మెట్ల వైపు చూసింది, ఎవరైనా విన్నారేమోనని.

"పంతొమ్మిదేళ్ళ నుంచి ఎవరికీ తెలియదు," అంది. "మావాడికి కూడా. తెలిస్తే మేస్త్రీ పని ఉండదు. కొత్త కాగితం ఏదొచ్చినా ఇంటికి తెచ్చేవాడు. నేను చదివితే విని, ఏది ఎక్కడుందో గుర్తు పెట్టుకునేవాడు. ఒక్కసారి వింటే చాలు ఆయనకి."

"చిలకల గురించి అర్జీ మీరే రాశారు."

"ఆయన చెప్పాడు, నేను రాశాను. మనుషులు లోపల ఉండగా అది చచ్చిపోతోందే, ఎలాగైనా రెండు షిఫ్టులు ఆగేలా చేయించాలన్నాడు."

"జవాబు వచ్చిందా?"

ఆవిడ లోపలికి వెళ్ళి, వంకీకి వేలాడుతున్న ఖాకీ చొక్కా వెనకనుంచి ఒక నీలం కవరు తెచ్చింది. అంటించింది అంటించినట్టే ఉంది. మూల మీద పెన్సిల్‌తో చిన్న గీత.

"ఈ గీత ఉంటే నేను చదవాల్సిందని గుర్తు. అప్పుడు నేనిక్కడ లేను. మావాడి పెళ్ళానికి కాన్పు. పదకొండు రోజులు వాళ్ళింట్లోనే ఉన్నాను. ఫోన్లో చెప్పాడు, జవాబొచ్చింది, చిలకలు రెండు షిఫ్టులూ ఆగుతున్నాయి, పనైపోయిందిలే అని. వచ్చాక చదువుతానన్నాను." ఆవిడ కవరుని తిప్పి చూసింది. "వచ్చాక మర్చిపోయాను."

తల్లోంచి పిన్ను తీసి, అంచు చిరగకుండా కవరు విప్పింది. మొగుడికి చదివి వినిపించినట్టే గట్టిగా, ఆగి ఆగి, ప్రతి మాటా విడిగా చదివింది.

"మీరు కోరిన విధంగా పరికరాలు ఐదు సెకన్లకు బదులు తొంభై సెకన్లకు ఒకసారి గాలి పీల్చేలా మార్చాము. కనుక గుంటలోకి దించినప్పుడు ఇకమీదట అరవై లెక్కపెడితే చాలదు. తప్పనిసరిగా రెండు వందలు లెక్కపెట్టాలి. ఈ విషయం మీ మనుషులందరికీ చెప్పగలరు."

చదివాక ఆ కాగితం వంకే చూస్తూ ఉండిపోయింది. ఏడవలేదు. కింద ఎవరో కుళాయి కట్టేసిన చప్పుడు వినిపించింది.

"దీంతో మావాడు బయటికొస్తాడా?"

"వస్తాడమ్మా."

"ఈయనే తప్పు చేశాడంటారు కదా? చెప్పినా వినలేదు, మనుషులకి చెప్పలేదు అంటారు."

అబద్ధం చెప్పాలనిపించింది మాస్టారుకి. ఆవిడ కళ్ళల్లోకి చూసి చెప్పలేకపోయాడు. "అంటారు. రెండో సెట్టు కొననివాళ్ళు చేతులు దులుపుకుంటారు. చదువు రాదన్న సంగతి కూడా బయటపడుతుంది. మీరు ఇవ్వకపోయినా నేను తప్పు పట్టను."

ఆవిడ కాగితాన్ని పాత మడతల మీదే మడిచి, కవరులో పెట్టి, ఆయన చేతిలో ఉంచింది.

"ఒక్కటి చేసి పెట్టండి. ఇది ఎందుకు విప్పలేదని మావాడు అడుగుతాడు. నేను మర్చిపోయానని చెప్పండి. వాళ్ళింట్లో ఉన్నప్పుడు వచ్చిందని మాత్రం చెప్పకండి. పసిబిడ్డని చూసినప్పుడల్లా అదే గుర్తొస్తుంది వాడికి."

"చెప్పనమ్మా." మాస్టారు తటపటాయించాడు. అడగకూడదనుకుంటూనే అడిగాడు. "అతన్ని వదిలేశాక ఎక్కడికి వెళ్ళమని చెప్పను?"

ఆవిడ ఒక అడుగు వెనక్కి వేసి తలుపు మీద చేయి పెట్టింది. ఆయన రెండు మెట్లు దిగాక, వెనక తలుపు చప్పుడు కాకుండా మూసుకుంది. మాస్టారు కవరు గుండెకి ఆనించుకుని అక్కడే ఆగి, గడియ పడే చప్పుడు కోసం విన్నాడు. తనకి తెలియకుండానే లెక్కపెట్టసాగాడు. ముప్పై అయింది. అరవై అయింది. రెండు వందలు పూర్తయ్యేదాకా నిలబడ్డాడు.

గడియ పడలేదు.